మీ పిటిషన్ మీద నేను సంతకం ఎందుకు పెట్టలేదంటే...

మతసంస్థలు నడిపే ఎయిడెడ్ బడులకు ప్రభుత్వ గ్రాంటు ఆపించాలని హైకోర్టులో పిల్ వెయ్యబోతున్న మిత్రులకు,

మొన్న ఆదివారం మీరు నలుగురూ మా ఇంటికొచ్చారు. కాఫీలు తాగి, 38 పేజీల డ్రాఫ్టు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, మీ సంతకం ఉంటే దీనికి బరువొస్తుంది" అన్నారు. చదివి చెబుతానన్నాను. గేటు దాటుతుండగా మీలో ఒకరు "ఆయనెందుకు పెడతాడు, గ్రాంటు తిన్న మనిషి" అన్నారు. నాకు వినబడింది. కళ్లు మందగించాయి గానీ చెవులింకా బాగానే పనిచేస్తున్నాయి.

నిజమే, తిన్నాను. 31 ఏళ్లు ఒక మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బడి చర్చి వాళ్లది, జీతం ట్రెజరీది. ఇప్పుడు పెన్షనూ అక్కణ్ణించే. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, సైకిలెక్కి, బడి గేటు పక్కనున్న మరియమాత గుహ దాటుకుని స్టాఫ్‌రూంలోకి వెళ్లేవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణని చెప్పుకోను. కానీ ఆ బడి లోపలేం జరుగుతుందో మీ పిటిషన్ రాసిన లాయరుగారి కంటే నాకే ఎక్కువ తెలుసు. అందుకని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు చూపిస్తాను, కోప్పడకండి. మీ డ్రాఫ్టులో తొమ్మిదో పేజీ నుంచి పదిహేనో పేజీ దాకా అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి 2024 మార్చి 22న ఇచ్చిన తీర్పే ఉంది. ఉత్తరప్రదేశ్ మదరసా విద్యా బోర్డు చట్టం, 2004, సెక్యులరిజానికి విరుద్ధమని కొట్టేసి, పిల్లల్ని మామూలు బడుల్లో చేర్పించమన్న తీర్పు అది. బాగుంది. మరి ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చిందనీ, అదే ఏడాది నవంబరు 5న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల బెంచి ఆ తీర్పును పక్కన పెట్టిందనీ ఎక్కడా ఒక్క ముక్క లేదేం? పదో తరగతి కుర్రాడు మొదటి స్టెప్పు రాసి, చివరి స్టెప్పు వదిలేసి, జవాబు కింద రెండు గీతలు గీసినట్టుంది. నేనైతే మార్కులు వెయ్యను. జడ్జిగారూ వెయ్యరు.

ఆ నవంబరు తీర్పు మీరు తప్పకుండా చదవాలి. ఎందుకంటే అందులో మీకు పనికొచ్చే మాటలూ ఉన్నాయి. రాజ్యాంగ మౌలిక స్వరూపం దెబ్బతింటోందని గాలిలో చెబితే ఒక మామూలు చట్టాన్ని కొట్టెయ్యడం కుదరదు, సెక్యులరిజానికి సంబంధించిన ఫలానా ఆర్టికల్‌ను ఇది ఉల్లంఘిస్తోందని చూపించాలి అన్నారు. బడుల్లో చదువు ప్రమాణాలు నిలబెట్టే పని రాజ్యం చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా అన్నారు. కామిల్, ఫాజిల్ అనే డిగ్రీ, పీజీ స్థాయి పట్టాలిచ్చే అధికారం మాత్రం యూనివర్సిటీ పట్టాల సంగతి చూసే యూజీసీ చట్టానికి అడ్డమొస్తుంది కాబట్టి ఆ ముక్క వరకు కోసేశారు. అంటే బడి వరకు ఉండనిచ్చి, అది యూనివర్సిటీ వేషం వేసిన చోట ఆపారు.

ఇంకో సంగతి. ఆ గొడవకు దారితీసిన ప్రశ్నల్లో కొన్ని 2019లో ఒక మదరసా టీచరు వేసిన జీతం కేసులోంచి పుట్టాయి. రెగ్యులర్ టీచర్లతో సమానంగా జీతం ఇవ్వమని ఆయన వెళ్తే, అసలు మతవిద్యా బోర్డు అనేది ఉండొచ్చా అన్న ప్రశ్న పైకొచ్చింది. జీతం అడిగినవాడి కేసు ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చూడండి. ఎయిడెడ్ టీచర్లం మాకిది కొత్త కాదు లెండి.

ఇప్పుడు, బడుల్లో మతబోధ గురించి రాజ్యాంగం చెప్పే ఆర్టికల్ 28 దగ్గరికొద్దాం. మీ పిటిషన్ మొత్తం దీనిమీదే నిలబడింది, కానీ దాన్ని మీరు సగమే చదివారు. అది మూడు గదుల ఇల్లు. మొదటి గదిలో, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడి. అక్కడ మతబోధ అసలే కూడదు. రెండో గది, మతబోధ చెయ్యాలన్న షరతుతో ఎవరో దాత పెట్టిన ధర్మనిధి కింద పుట్టి, ప్రభుత్వం నిర్వహిస్తున్న సంస్థ. దానికి మొదటి గది నిషేధం వర్తించదు. మూడో గది, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదీ, గ్రాంటు తీసుకుంటున్నదీ. అక్కడ మతబోధ ఉండొచ్చు, కానీ పిల్లవాణ్ణి అందులో కూర్చోబెట్టాలంటే తల్లో తండ్రో సమ్మతి ఇచ్చి ఉండాలి. మన ఊరి మిషన్ స్కూలుది మూడో గది. మీరు మాత్రం మొదటి గది తాళంచెవితో మూడో గది తలుపు తియ్యాలని చూస్తున్నారు.

ఆ "పూర్తిగా" అన్న మాట అక్కడ యాదృచ్ఛికంగా పడింది కాదు. 1948 డిసెంబరు 7న రాజ్యాంగసభలో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. కొద్దిపాటి ప్రభుత్వ సొమ్మున్న బడులకూ ఈ నిషేధం ఉండాలని కె.టి. షా లాంటివారు పట్టుబట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. మతబోధను రాజ్యం నెత్తిన వేసుకోకూడదనడానికి ఆయన చెప్పిన కారణాలు గట్టివే: అందరి పన్నుతో ఒకరి మతం చెప్పడం అన్యాయం, ఇన్ని మతాలున్న దేశంలో ఎవరికని చెబుతాం, పైగా ప్రతి మతమూ మోక్షానికి దారి తనదొక్కటే అంటుంది. ఇంత చెప్పి కూడా సాయం మాత్రమే అందుకునే బడిని ఆయన వేరుగా చూశారు. ఆయన మాటలు మీ డ్రాఫ్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేశారు గానీ, అదే రోజు ఆయన గీసిన ఈ గీతను వదిలేశారు.

మొదటి గదికి సరైన ఉదాహరణ కావాలంటే అస్సాం ఉంది. అక్కడ ప్రభుత్వమే పూర్తిగా నడిపే మదరసాలుండేవి, టీచర్లు ప్రభుత్వోద్యోగులు. 2020లో చట్టం చేసి వాటిని మామూలు హైస్కూళ్లుగా మార్చారు. 2022 ఫిబ్రవరి 4న గౌహతి హైకోర్టు సరేనంది. చదివితే నాకూ సబబే అనిపించింది. జీతం నుంచి సుద్దముక్క దాకా సర్కారుదైనప్పుడు మతం పాఠం సర్కారు పాఠమే అవుతుంది కదా. అదే లెక్కన కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దుటి ప్రార్థన మీద ఒక పిటిషన్ పడితే, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. మీకు నిజంగా ఆర్టికల్ 28(1) మీద అంత పట్టింపే ఉంటే ఆ కేసు గురించీ నాలుగు వాక్యాలు రాయండి. రాయరని తెలుసు.

మీ జాబితా సంగతి కూడా చెప్పాలి. గ్రాంటు ఆపాల్సిన బడులంటూ చివర జతచేసిన పేర్లన్నీ వేలు పెట్టి చూసుకుంటూ చదివాను. ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్), లూథరన్, బాప్టిస్టు, రెండు ఉర్దూ బడులు. అంతే. హిందూ ట్రస్టులూ, మఠాలవాళ్లూ పెట్టిన ఎయిడెడ్ బడులు మన రాష్ట్రంలో లేవా? పిటిషన్ పేరు చూస్తే "మతసంస్థల బడులు", జాబితా చూస్తే మైనారిటీ బడులు. ఆర్టికల్ 30(2) చిన్న వాక్యమే: సాయం ఇచ్చేటప్పుడు, యాజమాన్యం మైనారిటీదన్న కారణంతో ఏ విద్యాసంస్థ మీదా వివక్ష చూపకూడదు. ప్రభుత్వ ప్లీడరు లేవక్కర్లేదు, మీ జాబితాయే మీ కేసును ఓడగొడుతుంది. అందరికీ ఆపండి అంటే అది వేరే కథ. గ్రాంటు అనేది ఎవరికీ ప్రాథమిక హక్కు కాదు, అది విధానపరమైన నిర్ణయం, మైనారిటీ అయినా కాకపోయినా ఒకటే అని 2021 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక ఇంటర్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అందరికీ ఆపితే మీ నలుగురిలో ఇద్దరు చదివిన బడి కూడా మూతపడుతుంది. అప్పుడు ఆ జాబితా ఇంత హుషారుగా తయారుచేస్తారా?

పన్ను సొమ్ము మాటకొస్తే, ఏ ఒక్క మతం పెంపు కోసమూ ఎవరిచేతా పన్ను కట్టించకూడదనే ఆర్టికల్ 27 మీకు గుర్తుకొచ్చింది. మా బడికి వచ్చిన గ్రాంటు ఏమిటో చెబుతాను. నెలాఖరుకు హెడ్‌మాస్టారు జీతాల బిల్లు తయారుచేస్తారు. యాజమాన్యం తరఫున బడి చూసుకునే కరస్పాండెంట్ ఫాదర్ సంతకం, విద్యాశాఖ సంతకం అయ్యాక ట్రెజరీకి పోతుంది. ఆ బిల్లులో పోస్టుల పేర్లుంటాయి: గణితం, భౌతికశాస్త్రం, తెలుగు, హిందీ, డ్రిల్లు మాస్టారు. జ్ఞానోపదేశం, అంటే కతోలిక మతపాఠం, చెప్పే సిస్టరుగారి పేరు ఆ బిల్లులో నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఖర్చు సిస్టర్ల మఠానిది. గోడల సున్నం దగ్గర్నుంచి బెంచీల దాకా యాజమాన్యానివే. సర్కారు పెట్టింది మా చదువు చెప్పేవాళ్ల జీతం. "ఒకచోట జీతం ఇస్తే వాళ్లకు అంత డబ్బు మిగిలినట్టే కదా, అది మతానికి పోతుంది" అని మీ పంతొమ్మిదో పేజీలో ఉంది. వాదన తెలివైనదే, కొట్టిపారెయ్యను. కానీ ఆ లెక్కన సర్కారు బస్సులో రాయితీ పాసు మీద గుడికెళ్లిన పిల్లాడూ, చర్చికెళ్లిన పిల్లాడూ పన్ను సొమ్ముతోనే వెళ్లినట్టు. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు చూసింది కూడా పన్నులో చెప్పుకోదగ్గ భాగం ఒక మతానికి పోతోందా అని.

ఈ గ్రాంటు పద్ధతి నెహ్రూగారు కనిపెట్టిందీ కాదు, ఓట్ల కోసం పుట్టిందీ కాదు. మన బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకుంటే ఊరు గగ్గోలెత్తి, బడి దాదాపు ఖాళీ అయింది. మతమూ చదువూ ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో మనవాళ్లు అప్పుడే చూశారన్నమాట. రెండేళ్లకు, 1854లో, చార్లెస్ వుడ్ తాఖీదు వచ్చింది. అందులోని కిటుకు ఇదీ: లౌకిక విద్య బాగా చెబితే ఎవరి బడికైనా గ్రాంటు ఇస్తాం, ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ చదువే చూస్తాడు, అక్కడ చెప్పే మతం జోలికి పోడు. నిన్నమొన్నటి దాకా మా బడికొచ్చిన ఇన్‌స్పెక్షన్లూ అవే. ఎక్కాలు అడిగేవారు, డిక్టేషన్ చెప్పేవారు, హాజరు పట్టీలో తలలు లెక్కపెట్టేవారు.

నన్ను అసలు బాధపెట్టే సంగతి ఇప్పుడు చెబుతాను. ఉత్తరప్రదేశ్‌లో మతం డబ్బు గురించి అంత పెద్ద కేసు నడుస్తున్న రోజుల్లోనే, మదరసాల్లో లెక్కలూ సైన్సూ ఇంగ్లీషూ చెప్పే టీచర్ల గౌరవవేతనం ఆగిపోయింది. కేంద్రం పథకం అది. డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 6,000, పీజీ చేసినవాళ్లకు 12,000 రూపాయలు. ఆ రాష్ట్రంలో 21 వేల మందికి పైగా ఉన్నారు వాళ్లు. 2022లో కేంద్రం పథకం ముగిసింది, 2024 జనవరిలో రాష్ట్రం తన వంతుగా కలిపే రెండు మూడు వేలూ ఆపేసింది. గమనించారా? కురాన్ చెప్పే మౌల్వీగారి డబ్బు కాదు, త్రైరాశికం చెప్పే మాస్టారి డబ్బు ఆగింది. మతసంస్థ బడిలో మీరు చూడాలనుకునే మార్పు ఏదో ఆ మాస్టారి చేతిలోనే ఉంది కదా? ఆయన్నే ముందు ఇంటికి పంపారు.

మన దగ్గరా ఇదే చేస్తున్నారు, కాకపోతే చప్పుడు లేకుండా. నేను రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. నా పోస్టు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎయిడెడ్ పోస్టు భర్తీ చెయ్యాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి, అదేమో ఏళ్ల తరబడి రాదు. నా తర్వాత ఒక డిగ్రీ అయిన అమ్మాయిని పెట్టుకున్నారు. ఆమెకిచ్చే జీతం మా ఇంటి కరెంటు బిల్లుకూ పాలవాడికీ చాలదు. అదైనా ఎక్కడిది? "అభివృద్ధి నిధి" అని పిల్లల దగ్గర వసూలు చేసింది. ఎయిడెడ్ బడిలో పేదపిల్లల దగ్గర ఫీజు! 2021లో అప్పటి ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాల దగ్గర సమ్మతి పత్రాలు తీసుకుని పోస్టుల్నీ ఆస్తుల్నీ కలిపేసుకోబోతే, నవంబరులో అనంతపురంలో పిల్లల మీద లాఠీలు లేచాయి. తర్వాత, ఇష్టమైతే ఎయిడెడ్‌గానే ఉండండి అంటూ మెట్టు దిగారు. అంతే, ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. మీరు కేసు గెలవక్కర్లేదు మిత్రులారా. ఇంకో పదేళ్లు ఊరుకుంటే గ్రాంటు దానంతటదే ఎండిపోతుంది.

అలాగని మీరన్నదంతా తప్పని కాదు. ఒకచోట మీరు నూటికి నూరుపాళ్లూ రైటు, పైగా ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మా బడిలో రెండో గంట కొట్టగానే కతోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి ఒక గదిలోకి, మిగతావాళ్లు నీతిబోధకు ఇంకో గదిలోకి వెళ్లేవారు. అది మంచి ఏర్పాటే. కానీ పొద్దున అసెంబ్లీలో మాత్రం అందరూ చేతులు జోడించి కళ్లు మూసుకుని నిలబడాల్సిందే. ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. వాళ్ల నాన్న హేతువాది, విజయవాడ నాస్తిక కేంద్రం సభలకు తిరిగే మనిషి. "మా పిల్ల ప్రార్థన చెయ్యదు" అని హెడ్‌మాస్టారికి కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చూసి స్టాఫ్‌రూమంతా ఒకటే టెన్షన్. ఒకళ్లను వదిలితే రేపు వందమంది అడుగుతారని కొందరు. టీసీ ఇచ్చి పంపేద్దామని ఒకాయన. చివరికి ఏం చేశారంటే, అసెంబ్లీ జరిగినంతసేపూ ఆ పిల్లను బోరింగు పంపు దగ్గర నిలబెట్టారు. శిక్ష పడ్డ పిల్లలు నిలబడే చోటు అది. ప్రార్థన అయ్యేసరికి బడి మొత్తం ఆమెనే చూస్తుండేది. క్లాస్‌టీచర్ని నేనే. ఆమె గోళ్లతో పంపు పిడి మీద తుప్పు గీకుతూ నిలబడటం రోజూ చూశాను. ఒక్క మాట అనలేదు. దసరా సెలవులయ్యాక ఆమె కూడా లైన్లోకొచ్చి కళ్లు మూసుకుంది. "సర్దుకుంది" అనుకున్నాం.

ఆర్టికల్ 28(3) ఉల్లంఘన అంటే అదీ. ఆ అసెంబ్లీలో నిలబడ్డ ఏడెనిమిది వందల మంది తల్లిదండ్రుల్లో ఒక్కరినైనా మేం సమ్మతి అడగలేదు. అడ్మిషన్ ఫారంలో ఆ గడే లేదు. రాజ్యాంగమేమో, సమ్మతి ఇస్తేనే కూర్చోబెట్టు అంటోంది. మేమేమో, వద్దని రాసిస్తే అప్పుడు చూద్దాం అన్నాం, రాసిచ్చినవాడి బిడ్డను పంపు దగ్గర నిలబెట్టాం. నవంబరు తీర్పులో సుప్రీంకోర్టు ఇదే ఆర్టికల్‌ను గుర్తుచేసింది. మీ 38 పేజీల్లో దీనికి దక్కినవి రెండు లైన్లు.

గ్రాంటు ఇచ్చేవాడికి షరతులు పెట్టే హక్కుందా అంటే, ఉంది. కేరళలో ఇ.ఎం.ఎస్. ప్రభుత్వం తెచ్చిన విద్యా బిల్లు మీద రాష్ట్రపతి అడిగితే 1958లోనే సుప్రీంకోర్టు చెప్పింది: సాయానికి న్యాయమైన షరతులు పెట్టొచ్చు, సాయం ఆశ చూపి యాజమాన్యపు హక్కునే లాక్కునేలా పెట్టకూడదు. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు, గ్రాంటు తీసుకునేవాటికి కూడా, వర్తించదని 2014లో ప్రమతి అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాన్ని 2025 సెప్టెంబరు 1న ఇద్దరు జడ్జీల బెంచి అనుమానించి, పెద్ద బెంచి చూడాలంది. మీలాంటి ఓపికున్నవాళ్లు దిగాల్సిన గోదా అది. అమెరికా సంగతులు మీ పిటిషన్లో ఎందుకో ఇరికించారు. అక్కడ ఓక్లహామాలో క్యాథలిక్ చార్టర్ స్కూలు (ప్రభుత్వ సొమ్ముతో బయటివాళ్లు నడిపే బడి) కేసు 2025 మే 22న నలుగురు అటు, నలుగురు ఇటుగా చీలి, కింది కోర్టు ఇచ్చిన "వద్దు" నిలబడింది. మీరు దాన్ని గెలుపుగా రాశారు. కానీ అదే సుప్రీంకోర్టు 2022లో మెయిన్ అనే రాష్ట్రం కేసులో, ప్రైవేటు బడులకు ఫీజు కట్టేటప్పుడు మతబడుల్ని మాత్రం వేరు చెయ్యడానికి వీల్లేదంది. వాళ్ల రాజ్యాంగం వేరు, గొడవ వేరు. ఆ రెండు పేజీలు తీసేస్తే మీకు జిరాక్సు ఖర్చు కలిసొస్తుంది.

కోర్టులో అడిగే కోరికను లాయర్లు ప్రేయర్ అంటారు కదా. మీ ప్రేయర్ మార్చి తీసుకురండి, అప్పుడు సంతకం పెడతాను. గుర్తింపు, గ్రాంటు ఉన్న ప్రతి బడిలో, యాజమాన్యం ఎవరిదైనా సరే, అడ్మిషన్ ఫారంలో సమ్మతి గడి పెట్టమనండి. సమ్మతి ఇవ్వని పిల్లలు ఆ పావుగంట లైబ్రరీలోనో క్లాసులోనో కూర్చునే ఏర్పాటు ఉందో లేదో ఇన్‌స్పెక్షన్‌లో చూడమనండి. ఖాళీ పడ్డ ఎయిడెడ్ పోస్టులు ఇన్ని నెలల్లో నింపాలని గడువు అడగండి, లేదంటే పిల్లల దగ్గర ఫీజు వసూలు ఎవరి ఖాతాలో రాయాలో ప్రభుత్వాన్నే చెప్పమనండి. యాజమాన్యాల మీద నేను అఫిడవిట్ ఇస్తాను. పంపు సంగతి నా పేరుతోనే రాస్తాను. మా కరస్పాండెంట్ ఫాదర్‌కు కోపమొస్తుంది, రానివ్వండి. ఆయనా నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే.

ఆదివారం పదింటి తర్వాత ఇంట్లోనే ఉంటాను. ఆ అభివృద్ధి నిధి రసీదులు కొన్ని నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి, వచ్చేటప్పుడు జిరాక్సు తీసే కుర్రాడెవరైనా ఉంటే వెంటబెట్టుకు రండి. సిరా వెలిసిపోతోంది.

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు